‘పనితీరులో ఏ మార్పూ లేదు’ అని రాశాను

పదకొండేళ్ళుగా నేనొక వాక్యాన్ని మోస్తున్నాను. రాసింది నేనే. పక్కన నా పేరుంది. ప్రపంచంలో ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. చదివినవాళ్ళూ ఉన్నారు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అది అబద్ధమని తెలిసినవాణ్ణి మాత్రం చాలాకాలం నేనొక్కణ్ణే.

మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను. ఇంట్లోవాళ్ళకి చెబితే నా మొహం చూసి ముందు నన్నే ఓదారుస్తారు. ఆ ఓదార్పు కోసమే చెప్పానేమోనని మళ్ళీ నాకు అనుమానం వస్తుంది. ఈ మధ్య నేను చేసే ప్రతి మంచిపని మీదా నాకు అనుమానమే.

మాది ఒడిశాలో పాత్రపూర్ దగ్గర ఒక ఊరు. వ్యవసాయం. చదువయ్యాక బరంపురంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. మేడమీద రెండు గదులు, అయిదుగురం మనుషులం. పొలాల్లో, చేపల చెరువుల్లో, ఉప్పు మళ్ళల్లో పెట్టే కొలత పెట్టెలు తయారుచేసేవాళ్ళం. పెట్టెకి ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని మడిలో నిలబెడితే నీళ్ళల్లో ఉప్పు ఎంత చిక్కబడిందో కొలిచి, ఫోన్ సిగ్నల్ మీద మా ఆఫీసుకి పంపుతుంది. పెట్టె లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరే. దాని కెర్నెల్ పని నాది. కెర్నెల్ అంటే ఏ కంప్యూటర్లోనైనా అన్నిటికన్నా అడుగున ఉండి, యంత్రంతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం. అది సరిగ్గా నడిచినంతకాలం ఉందని కూడా ఎవరికీ తెలీదు. అలాంటి పని చేసేవాడికి లోపల్లోపల ఒక గర్వం ఉంటుంది. నాకు చాలా ఉండేది.

కొంచెం ఓపిక పట్టండి. నా తప్పు అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం చెప్పాలి.

యంత్రం మెమరీలో రాయడానికీ, అందులోంచి చదవడానికీ కెర్నెల్లో ఫంక్షన్లనే చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలుంటాయి. ఏ ప్రాసెసర్ మీదైనా వాటి పేర్లు ఒకటే. పేర్లు ఒకటే గనక చేసే పనీ ఒకటే అయివుంటుందని వాటిని వాడేవాళ్ళు నమ్ముతారు. మా పాత పెట్టెల్లో ఉన్న ప్రాసెసర్ నిదానస్తుడు. ముందు రీడింగుని మెమరీలో ఒక గదిలో పెట్టు, తర్వాత దాన్ని సిగ్నల్ మీద పంపే మోడెమ్‌కి ‘వచ్చి తీసుకో’ అని గంట కొట్టు అంటే, ఆ వరసలోనే చేస్తుంది. కొత్త పెట్టెల కోసం తెచ్చిన చవక ప్రాసెసర్ చురుకైనది. పని తొందరగా తెములుతుందనుకుంటే వరస మార్చేస్తుంది. గంట ముందు కొడుతుంది, రీడింగు తర్వాత పెడుతుంది. మోడెమ్ వచ్చి చూస్తే ఆ గదిలో ఎప్పుడో పెట్టిన పాత రీడింగే ఉంటుంది. దాన్నే పట్టుకుపోతుంది. అలా జరగకుండా ఫంక్షన్లో ఒక లైను రాస్తారు. బారియర్ అంటారు దాన్ని. ముందు చెప్పిన పని పూర్తయ్యేదాకా ఆగమని ప్రాసెసర్‌కి చెప్పే లైను.

కొత్త ప్రాసెసర్‌కి ఆ ఫంక్షన్లు రాసింది నేను. బారియర్ లైను కూడా రాశాను. రాసి, తీసేశాను.

ఎందుకు తీశాను? అదుంటే ప్రాసెసర్ ప్రతిసారీ కాసేపు ఊరికే నిలబడాలి. బ్యాటరీ తొందరగా దిగుతుంది. మా యజమాని పట్నాయక్ సార్ బ్యాటరీ ఎన్ని రోజులొస్తుందో రోజూ అడిగేవాడు. లైను తీసేస్తే బ్యాటరీ ఎక్కువ రోజులొచ్చింది. టేబుల్ మీద మూడు రోజులు నడిపి చూశాను, ఒక్క రీడింగూ తప్పలేదు. సార్ అందరిముందూ నా భుజం తట్టాడు. ఆ తట్టడం కోసమే తీశానా? అప్పట్లో అడిగివుంటే కాదనేవాణ్ణి. ఇప్పుడు కాదనలేను.

కొత్త రకం పెట్టె మొదటిది హుమ్మ దగ్గర ఒక ఉప్పు సొసైటీ మళ్ళల్లో పెట్టాం. దాన్ని చూసుకోడానికి సొసైటీవాళ్ళు అప్పన్న అనే ఆయన్ని పెట్టారు. వాళ్ళు ఆ తీరాన ఎప్పట్నుంచో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. చేపల వేటకెళ్ళే కుటుంబం. మోకాలు దెబ్బతిని సముద్రం మానేసి, ఉప్పు మళ్ళల్లో పనికి కుదిరాడు. యాభై దాటిన మనిషి. కడ్డీకి పట్టిన ఉప్పు పొరని రోజూ రెండుసార్లు గుడ్డతో తుడవడం ఆయన పని. నన్ను బాబూ అనేవాడు, మీరు అనేవాడు. నేను నువ్వు అనేవాణ్ణి. వయసులో మా నాన్నకి కాస్త చిన్న, అంతే.

ఎండలు ముదిరాక రీడింగులు తేడాగా రావడం మొదలైంది. ఉప్పు మడిలో నీళ్ళు పొద్దున పలచగా ఉండి, ఎండెక్కేకొద్దీ చిక్కబడాలి. అప్పన్న మడిలో మాత్రం కొన్ని మధ్యాహ్నాలు ఉన్నట్టుండి పొద్దుటి అంకెలు వచ్చేవి. అచ్చంగా అవే. పలచటి నీళ్ళని చూపించేవి. ఆ అంకెలు నమ్మి సొసైటీవాళ్ళు ఇంకా టైముందనుకుని మడిలో నీళ్ళు బయటికి వదలకుండా ఉంచేశారు. నీళ్ళు మరీ చిక్కబడి ఒక మడి ఉప్పంతా చేదెక్కిపోయింది.

సార్ నన్ను పిలిచి, పెట్టె ఇలా చేస్తుందా అని అడిగాడు. చెయ్యదు సార్ అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. మరయితే ఏమిటి అన్నాడు.

అప్పుడు నేనొక మాట అన్నాను. పొద్దుటి నీళ్ళు బకెట్లో పట్టి నీడలో పెట్టుకుని, ఎండలో మడిలోకి దిగి తుడవడం ఎందుకని, కడ్డీ తీసి అందులో ముంచి నిద్రపోతున్నాడేమో సార్.

ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అప్పన్న నిద్రపోవడం నేను చూడలేదు. బకెట్ అసలు చూడలేదు. మరి ఆ ఉపాయం అంత వివరంగా, నీడతో సహా, నాకెలా తట్టింది? చాలాకాలానికి తెలిసింది. ఆ ఎండలో ఆ పని నాకు అప్పజెబితే నేను చేసివుండేది అదే.

సార్‌కి ఆ మాట చాలా నచ్చింది, సొసైటీవాళ్ళకీ చేరవేశాడు. అన్ని అంకెలకీ సరిపోయింది. ఇక ఆఫీసులో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. పాత రకం పెట్టెలున్నచోట ఈ గొడవ లేదు, కొత్త పెట్టె ఉన్న ఒక్కచోటే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, మిగతాచోట్ల మనుషులు మంచివాళ్ళు అనుకున్నాను.

చెప్పకుండా వెళ్ళి పట్టుకోమని సార్ నన్నే పంపాడు. ఒక శుక్రవారం బరంపురంలో బస్సెక్కి, మధ్యాహ్నం రెండింటికి హుమ్మలో దిగి, గట్ల మీద నడిచి వెళ్ళాను. అప్పన్న నిద్రపోవడం లేదు. తాటాకు పందిరి కింద కూర్చుని గుడ్డ పిండుకుంటున్నాడు. కడ్డీ మడిలోనే నిలబడి ఉంది. నేను సంతోషించాలి కదా? నాకు కోపం వచ్చింది. బస్సు దిగిన దగ్గర్నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పేశారనుకున్నాను. దార్లో నన్ను చూసి నవ్విన టీ కొట్టాయనా, సైకిలాపి పలకరించిన మనిషీ గుర్తొచ్చారు. అందరూ ఒకటే అనుకున్నాను. అనుమానం పట్టినవాడికి అన్నీ సాక్ష్యాలే దొరుకుతాయి. మనిషి తప్పు చేస్తూ కనిపిస్తే ఒక సాక్ష్యం, చెయ్యకుండా కనిపిస్తే ఇంకా పెద్ద సాక్ష్యం.

ఆయన మంచినీళ్ళిచ్చాడు. తాగాను. పందిరి పక్కన ఒక బకెట్ కనబడింది. నేను దాన్నే చూస్తున్నానని ఆయన గమనించాడు.

“ఊల్లో ఏటేటో అంతన్నారు బాబూ,” అన్నాడు. “నాను బకెట్ల ముంచీసి తొంగుంతన్నానంట. మీరూ అదే సూడ్డానికొచ్చేరా?”

“చెకింగుకొచ్చాను. అంకెలు తేడాగా వస్తున్నాయి.”

“తేడా ఒత్తే నానేటి సేత్తాను? సెయ్యెట్టి సూడండి. మజ్జేనం నీల్లు సేతికి జిడ్డులాగ తగుల్తాయి. పొద్దుటి నీల్లు అలగుండవు. మీ పెట్టి కన్నా నా సెయ్యి నయం.”

“పెట్టె అబద్ధం చెప్పదు అప్పన్నా.”

ఆయన గుడ్డ పక్కన పెట్టి లేచాడు. తర్వాత కుంటుకుంటూ మడిలోకి దిగి, కడ్డీ పైకి తీసి, బకెట్ తెచ్చి దాని పక్కన నిలబెట్టాడు. కడ్డీ మీద ఎర్ర గీత ఒకటుంటుంది. నీళ్ళు ఆ గీత దాకా వస్తేనే అది కొలుస్తుంది. గీత బకెట్ అంచుకి జానెడు పైన ఉంది.

“ముంచమనండి ఎవుడినైనా,” అన్నాడు. “సదూకున్నోరు కదా, మీరే సెప్పండి. ఇందల ఇది ములుగుతాదా?”

ఇందులో ఇది మునుగుతుందా అని ఆయన అడిగాడు. నేను చూశాను. మునగదు. ఆ సంగతి ఒప్పుకోడానికి ఒక్క మాట చాలు. నేను అన్న మాట ఇది: “వేరే బకెట్ ఉండొచ్చు కదా.”

ఆయన నవ్వాడు. కోపంతో కాదు. ఇంక ఈ మనిషితో లాభం లేదని తెలిసినప్పుడు నవ్వే నవ్వు. కడ్డీని గుడ్డతో శుభ్రంగా తుడిచి మళ్ళీ మడిలో నిలబెట్టి, ఎండలో వచ్చారు, బస్సు దాకా సైకిల్ మీద దింపించమంటారా బాబూ అని అడిగాడు. వద్దన్నాను.

ఆఫీసుకొచ్చి బకెట్ కొలత సంగతి సార్‌కి చెప్పలేదు. పట్టుకోలేకపోయాను, ఎవరో ముందే చెప్పేశారు అన్నాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే వెళ్ళి వేరే పని ముందేసుకున్నాను. మేం వాడే కెర్నెల్‌ని ప్రపంచమంతా కలిసి రాస్తారు. ఎక్కడెక్కడివాళ్ళో తమ మార్పులు పంపుతారు, ఇంకెవరో చదివి సరిచూస్తారు. అప్పట్లో ఈ రాసే, చదివే ఫంక్షన్లన్నిటినీ అన్ని ప్రాసెసర్ల మీదా ఒకే తీరుకి తేవాలని ఒక ప్రయత్నం నడుస్తోంది. ఒకచోట బారియర్ ఉండి ఇంకోచోట లేకపోతే, ఒకచోట సరిగ్గా నడిచే ప్రోగ్రాం ఇంకోచోట మోసం చేస్తుంది గనక. మా ప్రాసెసర్ తాలూకు భాగం నేను చూస్తానని ఒప్పుకున్నాను. మిగతా ప్రాసెసర్ల ఫైళ్ళు ఒకపక్క, నాది ఒకపక్క తెరిచి వరసగా సరిపోల్చుకుంటూ వచ్చాను. వాళ్ళందరిదగ్గరా ఆ లైను ఉంది. నా దగ్గర లేదు.

చూస్తూ కూర్చున్నాను.

పెట్టెలో రీడింగులు పెట్టే గదులు కొన్నే ఉంటాయి. ఒక చుట్టు పూర్తయితే మళ్ళీ మొదటి గదికే వస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి చుట్టు తిరిగి, పొద్దుటి రీడింగులున్న గదులకే వస్తుంది. ఎండవేళ నీళ్ళు తొందరగా మారతాయని ఆ టైములో రీడింగులు దగ్గరదగ్గరగా తీసేట్టు పెట్టింది కూడా నేనే. ప్రాసెసర్‌కి పని ఎక్కువయ్యేది, వరస తప్పేది అప్పుడే. టేబుల్ మీద నేను నడిపి చూసింది నెమ్మది వేగంలో. అన్నీ ఒక్క నిమిషంలో అర్థమయ్యాయి. బకెట్ కథకి సరిపోయిన ప్రతి అంకే దీనికీ సరిపోయింది. ఇందులో బకెట్ అక్కర్లేదు, మనిషే అక్కర్లేదు.

సార్ పక్క గదిలోనే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. ఆయన ఫోన్లో మాట్లాడ్డం వినిపిస్తోంది. లేచి పది అడుగులు వేస్తే చాలు.

లేవలేదు. లైను తిరిగి పెట్టాను. నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, పెట్టె బాగుపడితే రీడింగులు సరిగ్గా వస్తాయి, గొడవ దానంతటదే సద్దుమణుగుతుంది, అప్పన్నకీ మంచే జరుగుతుంది. ఎంత చక్కటి వాదన. ఇప్పటికీ చదివితే నమ్మబుద్ధవుతుంది. కానీ ఆ వాదన నిజంగా నమ్మినవాడైతే, లైను పెట్టానని పక్క గదికి వెళ్ళి చెప్పేవాడు కదా? నేను దాన్ని ఒక్కదాన్నే పంపలేదు. పేర్లు సరిచెయ్యడం, ఖాళీలు సర్దడం లాంటి ఇరవై చిన్న మార్పుల మధ్యలో పెట్టి పంపాను. మార్పు ఎందుకు చేశామో పైన నాలుగు మాటలు రాయడం మా పనిలో ఆచారం. ఇది ఉత్త సర్దుబాటే, దేన్నీ మార్చడం లేదు అనేటప్పుడు అందరూ రాసే వాక్యం ఒకటుంటుంది. ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెబితే: పనితీరులో ఏ మార్పూ లేదు.

ఆ సాయంత్రమే కొత్త ప్రోగ్రాం ఫోన్ సిగ్నల్ మీద హుమ్మ పెట్టెలోకి కూడా ఎక్కించాను. మామూలు అప్‌డేట్ అని రిజిస్టర్లో రాశాను.

సార్ ఫోన్లో మాట్లాడింది సొసైటీవాళ్ళతోనట. సోమవారం పొద్దున అప్పన్నని మాన్పించేశారు. ఆ రోజే వేరే మనిషిని పెట్టారు. ఆ రోజునుంచి ఒక్క రీడింగూ తప్పలేదు.

అర్థమయిందా మీకు? నేను పెట్టిన లైనే ఆయన మోసానికి రుజువయింది. మనిషి మారాడు, అంకెలు మారాయి, ఇంకేం కావాలి అన్నాడు సార్. సొసైటీవాళ్ళూ అదే అన్నారు. కాస్తోకూస్తో ఆయన్ని నమ్మినవాళ్ళు కూడా ఆ వారంతో నమ్మడం మానేశారు. నేనే గనక పెట్టెని బాగుచెయ్యకుండా ఉండివుంటే, కొత్త మనిషి చేతిలోనూ అలాగే తప్పేది, అప్పన్న బయటపడేవాడు. ఒక్కోసారి అనుకుంటాను, ఆదివారం ఎక్కించనా సోమవారం ఎక్కించనా అని తటపటాయించకుండా శనివారమే ఎందుకంత ఆత్రంగా ఎక్కించాను? నిజంగా ఉప్పు కోసమేనా? నాకు తెలీదు. తెలీదని రాయడం కూడా ఒక తప్పించుకోవడమేమో.

కొన్ని రోజులకి నా మార్పుల్ని సరిచూసిన ఒకాయన, ఏ దేశమో తెలీదు, మర్యాదగా ఒక ప్రశ్న రాశాడు. ఈ ప్రాసెసర్ మీద బారియర్ కొత్తగా చేరుతోంది కదా, దీన్ని మార్పు లేదనడం ఎలా? ఎక్కడైనా ఏదైనా తప్పు జరగడం చూసి పెట్టారా, ఊరికే చదివి కనుక్కున్నారా? తప్పు జరిగివుంటే రాయండి, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. నాకు దొరికిన రెండో అవకాశం అది. అడిగినవాడు నన్ను ఎరగడు, హుమ్మ ఎరగడు, నేను చెబితే తిట్టడు కూడా. చదివి కనుక్కున్నాను, ఎక్కడా తప్పు జరగలేదు అని జవాబు రాశాను. అలాగయితే సరే, జాగ్రత్తగా చదివారు, అభినందనలు అన్నాడు. అక్కడ ఒకసారి చేరింది చెరపడానికి వీల్లేదు. ఇప్పటికీ ఉంది.

అప్పన్నని బకెట్ అప్పన్న అనడం మొదలుపెట్టారని తర్వాత విన్నాను. పెళ్ళి పందిట్లో భోజనాలకి కూర్చుంటే, నీళ్ళు బకెట్లో పొయ్యమంటావా మావా అని మేనల్లుడి వరసవాళ్ళు ఆటపట్టించేవారట. మోకాలు అలాగే పెట్టుకుని ఆయన గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల ఎవరూ ఆయనకి కాపలా పని ఇవ్వలేదు. ఇవన్నీ నాకు సార్ డ్రైవరు చెప్పాడు, నవ్వుతూ. నేనూ నవ్వానా? గుర్తులేదు. నవ్వివుంటాను.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. పట్నాయక్ సార్ ఎక్కడున్నాడో తెలీదు. ఆ కెర్నెల్ పనితోనే నాకు పేరొచ్చి, మంచి ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే వీడికేదో తెలుసేమోనని మొహంలోకి చూసేవాణ్ణి. నా కింద పనిచేసేవాళ్ళు పనితీరులో మార్పు లేదని రాసిన ప్రతిదాన్నీ నాలుగేసిసార్లు తిప్పి చదువుతాను. బాగా జాగ్రత్తమనిషి అంటారు.

పోయిన నెల హుమ్మ వెళ్ళాను. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర సొసైటీ మేస్త్రీ, ఇంకో నలుగురు పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే, నేనెవరో చెప్పి, తప్పు పెట్టెదీ పెట్టెలో ప్రోగ్రాం రాసిన నాదీ అనీ, అప్పన్న ఏ తప్పూ చెయ్యలేదనీ చెప్పాను. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. మేస్త్రీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఇన్నేల్ల తరవాత ఇప్పుడెందుకు సెప్తన్నారు బాబూ? ఆడితోటి ఏటి పనడిపోనాది మీకు? ఏటైనా కాయితం మీద ఏలిముద్ర కావాలా?”

లేదన్నాను. ఆయన నమ్మలేదు. పక్కాయన ఒడియాలో ఏదో గొణిగితే అందరూ తలలాడించారు. వాళ్ళలో ఒకరిద్దరైనా నా మాట ఇంటికి పట్టుకెళ్ళారో లేదో నాకు తెలీదు. చివరికి అప్పన్న తమ్ముడి వరసాయన ఒకడు ఫోన్ నంబరు ఇచ్చాడు. ఇస్తూ, ఊరికే ఆయన్ని గాబరా పెట్టకండి అన్నాడు.

నంబరు నా దగ్గరుంది. ఇంకా చెయ్యలేదు. భయంతో అనుకుంటున్నారా? తిడతాడనే భయమైతే ఈపాటికి చేసేవాణ్ణి. ఆయన తిట్టడు. పోన్లెండి బాబూ, అయిపోయిన సంగతి అంటాడు. అది ఆయన మాటతీరు. అవతల బోటు మీద నిలబడి, ఎవరో పెద్దమనిషి ఏడుస్తున్నాడని, తన పదకొండేళ్ళు నా చేతిలో పెట్టి నన్ను ఊరుకోబెడతాడు. నాకు లోపల కావలసింది అదేనని నాకు గట్టి అనుమానం. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. పోన్లెండి అనే హక్కు లేని మీకు.

రేపు ఫోన్ చేస్తాను. క్షమించమని అడగను. జరిగింది జరిగిన వరసలో చెప్పి, ఆయన ఏమన్నా, ఏమీ అనకపోయినా, వింటాను.

లైను తీసింది నేను. బకెట్ అన్నది నేను. తెలిసి దాచింది నేను. ఈ మూడూ ఒకచోట ఇలా రాయడం ఇదే మొదటిసారి. చెయ్యి కొంచెం తేలికయింది. అంతకు మించి ఏమీ కాలేదు.